గోడల్లేని గడీ: అంగోలా జైలును మనం ఎట్లా చదవాలి?

జైలు అనగానే మన మేధావులకు ముందు గోడ గుర్తుకొస్తుంది. ఎత్తైన గోడ, ఇనప గేటు, మధ్యన కావలి బురుజు. కాస్త చదువుకున్నవాళ్ళకైతే బెంథామ్ గీసిన గుండ్రటి జైలు పటం, దాని మీద 1975లో ఫూకో రాసిన పుస్తకం గుర్తుకొస్తాయి. ఫూకో వాదన స్థూలంగా ఇది: యూరపులో శిక్ష ఒంటి మీంచి మనసు మీదికి మళ్ళింది, కొరడా పోయి దాని స్థానంలో చూపు వచ్చింది. ఈ వాదన మన విశ్వవిద్యాలయాల్లో ఎంతగా చలామణి అయిందంటే, జైలు మీద ఎవరేం రాసినా ఇక్కడి నుంచే మొదలుపెట్టడం ఆనవాయితీ అయిపోయింది.

మా అభ్యంతరం చాలా మామూలుది. ఎవరి ఒళ్ళు? ఎవరి మనసు? నల్లవాడి వీపు మీంచి కొరడా ఏ సంవత్సరంలో పోయింది? మన జైళ్ళలో పాకీపని కులాల ఖైదీ చేతిలోంచి చీపురు ఏ సంవత్సరంలో పోయింది? ఈ ప్రశ్నలు అడగకుండా 'ఆధునిక జైలు' అని మాట్లాడటమంటే, తెల్లవాడి జైలునీ సవర్ణుడి జైలునీ అందరి జైలుగా చలామణి చేయడమే. అందుకే గోడలతో పనిలేని ఒక జైలును తీసుకొని, దాని నేలనూ కట్టడాలనూ దినచర్యనూ ఒక గ్రంథాన్ని చదివినట్టు చదవాలనుకున్నాం.

అది అమెరికా దక్షిణాన లూసియానా రాష్ట్ర ప్రభుత్వం నడిపే మగ ఖైదీల జైలు. కాగితాల మీద పేరు లూసియానా స్టేట్ పెనిటెన్షియరీ. జనం నోట్లో పేరు అంగోలా. రాజధాని బాటన్ రూజ్‌కు యాభై మైళ్ళకు పైగా దూరాన, పల్లెల్లో పోయి పోయి ఒక రోడ్డు ఆగిపోయే చోట ఉంటుంది. ఆ రోడ్డుకు జైలు గేటే ఆఖరు. విస్తీర్ణం 18,000 ఎకరాలు, అంటే న్యూయార్కులోని మన్‌హాటన్ దీవి కంటే పెద్దది. మూడు దిక్కులా మిసిసిపీ నది, నాలుగో దిక్కున ట్యూనికా కొండలు, అడవి. చుట్టూరా ప్రహరీ గోడ లేదు, దాని అవసరమే లేదు. ఖైదీలు పడుకునే కట్టడాల చుట్టూ మాత్రం ముళ్ళకంచెలుంటాయి. అవి దాటినవాడికి ముందు పొలం, తర్వాత కరకట్ట, ఆ తర్వాత నది.

అంగోలా అనే పేరు ఎక్కడిది? ఆఫ్రికాలోని అంగోలా నుంచి. ఇది జైలు కాక ముందు పత్తి తోట. 1830ల నుంచి దీని యజమాని ఐజక్ ఫ్రాంక్లిన్, ఆనాటి అమెరికాలో పేరుమోసిన బానిసల వ్యాపారి. బానిసలను ఏ నేల నుంచి పట్టుకొచ్చారో ఆ నేల పేరే తోటకు పెట్టారు. తోట పేరే జైలు పేరైంది. మన ఊళ్ళలో గడీలు కూలిపోయి వాటిలో బడులు, పోలీసు స్టేషన్లు వెలిశాయి గదా, జనం మాత్రం ఇప్పటికీ గడీ అనే అంటారు. జనం జ్ఞాపకం ప్రభుత్వ రికార్డు కంటే నిజాయితీ గలది.

1865లో అమెరికా రాజ్యాంగానికి 13వ సవరణ తెచ్చి బానిసత్వాన్ని రద్దు చేశారు. రద్దు చేసిన వాక్యంలోనే ఒక సందు వదిలిపెట్టారు. నేరం రుజువై శిక్ష పడ్డవాడికి ఆ రద్దు వర్తించదు. కాబట్టి చేయాల్సిన పని ఒక్కటే మిగిలింది: నల్లవాడి బతుకును నేరం చేయడం. దక్షిణాది రాష్ట్రాలు ఆ పని చకచకా చేశాయి. పనీపాటా లేకుండా తిరగడం నేరం, దొరను వదిలి పోవడం నేరం. అట్లా పట్టుకున్నవాళ్ళను ప్రైవేటు కాంట్రాక్టర్లకు కౌలుకిచ్చాయి. లూసియానాలో ఆ కౌలు 1869లో శామ్యూల్ జేమ్స్ చేతికొచ్చింది. అంతర్యుద్ధంలో బానిస యజమానుల పక్షాన పోరాడిన సైన్యంలో ఈయన మేజరు. 1880లో ఫ్రాంక్లిన్ వితంతువు దగ్గర అంగోలా తోట కొని, ఖైదీలను అక్కడ పనికి దించాడు. వాళ్ళను ఉంచిందెక్కడ? పాత బానిసల గుడిసెల్లో. తర్వాతి కాలంలో 'క్యాంప్ ఏ' అన్నది ఆ చోటునే.

ఇక్కడొక లెక్క ఉంది. బానిస యజమాని సొత్తు. వాడు చస్తే యజమానికి పెట్టుబడి నష్టం. కౌలు ఖైదీ ఎవరి సొత్తూ కాదు. వాడు చస్తే కోర్టు ఇంకొకణ్ణి పంపిస్తుంది. అందుకే కౌలు కాలంలో ఖైదీలు తోటల్లో, కరకట్టల పనుల్లో ఈగల్లా రాలిపోయారు. పాలేరు బతుకు పశువు బతుకు కంటే హీనమని మన పెద్దవాళ్ళు ఎందుకనేవాళ్ళో ఇప్పుడర్థమవుతుంది. పశువును డబ్బు పెట్టి కొంటారు, పాలేరు అప్పు కింద ఊరికే వస్తాడు.

జేమ్స్ 1894లో పోయాడు. 1901లో రాష్ట్రమే జైలును తన చేతికి తీసుకుంది. చరిత్ర పుస్తకాలు దీన్ని సంస్కరణ అంటాయి. నిజానికి మారింది యజమాని. తోట మారలేదు, చెరకు, పత్తి, కూరగాయలు మారలేదు. వరసలు కట్టి పొలానికి పోవడం మారలేదు.

ఇప్పుడు జైలు నిర్మాణం చూద్దాం. 1950లలో కట్టిన ప్రధాన జైలు ఒకచోట, మిగతా క్యాంపులు విడివిడిగా మైళ్ళ దూరాన ఉంటాయి. వాటి నడుమ అంతా పొలం. ఫూకో చెప్పిన జైలు అయితే అందర్నీ ఒకచోట కూర్చి మధ్యలో నిలబడి చూడాలి. ఇక్కడ ఎందుకు చెదరగొట్టారు? పనివాణ్ణి పొలం పక్కన పెట్టాలన్నది తోట సూత్రం కాబట్టి. ఈ పటానికి కేంద్రం బురుజు కాదు, చేను. ఇది మనకు తెలియని పటం కాదు. మన ఊరి పటంలో వెలివాడ ఎక్కడుంటుంది? అంటు తగలనంత దూరంలో, పిలిస్తే పలికేంత దగ్గరలో. అంగోలా ఆ కొలతను 18,000 ఎకరాల్లో అమలు చేసింది.

పటంలో ఇంకొక చోటుంది, పేరు బీ-లైన్. జైలు ఉద్యోగులు పెళ్ళాంపిల్లలతో కాపురముండే చిన్న ఊరు అది, జైలు హద్దుల లోపలే ఉంటుంది. వాళ్ళ పచ్చిక కోసిందీ, ఇళ్ళకు రంగులేసిందీ, ఒకప్పుడు వంటచేసి పిల్లల్ని ఆడించిందీ ఖైదీలే. గార్డు కొడుకు అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే గార్డు అవుతాడు. కొలువు తరతరాల ఆస్తి. దొర బంగళా, గుమాస్తాల ఇళ్ళు, కూలోళ్ళ పాకలు అనే పాత తోట పటం పక్కన ఈ జైలు పటం పెట్టండి. తేడా కనబడితే మాకూ చూపించండి.

ఇంతమందిని అదుపులో పెట్టడానికి ఖర్చు కావాలి గదా! దానికీ ఉపాయం దొరికింది. 1916లో అధికారానికి వచ్చిన హెన్రీ ఫూక్వా అనే మేనేజరు, జీతాలిచ్చే గార్డులను దాదాపుగా తీసేసి, ఖైదీల్లోనే కొందరి చేతికి తుపాకులిచ్చాడు. 'ట్రస్టీ గార్డులు' అన్నారు వాళ్ళను. ఖైదీ మీద ఖైదీ తుపాకి ఎత్తే ఈ పద్ధతి 1970ల మొదటి దాకా సాగింది. మనకు ఇదీ కొత్త కాదు. 1894 నాటి మన జైళ్ళ చట్టమే ఖైదీల్లోంచి 'కన్విక్ట్ అధికారుల'ను తయారుచేసుకోవచ్చని రాసింది. అణగినవాడి చేతికి కర్రిచ్చి వాడి కింద ఇంకొకణ్ణి పెట్టడం ఏ వ్యవస్థ ఆయువుపట్టో దళిత పాఠకుడికి వివరించక్కర్లేదు. మెట్ల మీద మెట్లుగా పేర్చిన అసమానత అని అంబేద్కర్ దాని గుట్టు విప్పాడు.

ఈ జైలు లోపలి మనుషులు ఏం చేశారు? 1951లో ముప్పై మందికి పైగా ఖైదీలు తమ కాలి మడమ నరాలు తామే కోసుకున్నారు. నడవలేనివాణ్ణి పొలానికి తోలలేరు గదా! పత్రికలు గగ్గోలు పెట్టాయి, విచారణ జరిగింది, తర్వాత కొత్త ప్రధాన జైలు కట్టారు. తన ఒంటిని పనికి రాకుండా చేసుకోవడమే తిరుగుబాటు అయిందంటే, ఆ జైలుకు కావలసింది మనసా, ఒళ్ళా? ఫూకో వాదనకు ఇంతకన్నా గట్టి జవాబు ఏ సిద్ధాంతకర్తా రాయలేదు. ఆ ఖైదీలు దాన్ని బ్లేడుతో రాశారు.

రెండో తిరుగుబాటు మనకు ఇంకా దగ్గరిది. 1971లో ఆల్బర్ట్ వుడ్‌ఫాక్స్, హెర్మన్ వాలస్ మరికొందరితో కలిసి అంగోలా లోపలే బ్లాక్ పాంథర్ పార్టీ శాఖ పెట్టారు. అప్పటికి పడకశాలలు ఇంకా నల్లవాళ్ళకు వేరు, తెల్లవాళ్ళకు వేరు. కొత్తగా వచ్చిన కుర్ర ఖైదీలను బలవంతులు లైంగిక బానిసలుగా కొనుక్కుని అమ్ముకునే సంత నడుస్తోంది, అధికారులకది తెలుసు. పాంథర్లు ఆ కుర్రాళ్ళకు కాపలా కాశారు, చదువు చెప్పారు, పొలం పని మీద సమ్మెకు కూడగట్టారు. 1972 ఏప్రిల్‌లో బ్రెంట్ మిల్లర్ అనే తెల్ల గార్డు హత్యకు గురయ్యాడు. ఆ నేరం వుడ్‌ఫాక్స్, వాలస్‌ల మీద మోపారు. తామా హత్య చేయలేదని ఇద్దరూ ఆఖరిదాకా చెప్పారు. వాళ్ళతో పాటు రాబర్ట్ కింగ్‌నూ ఆరడుగులకు తొమ్మిదడుగుల గదిలో రోజుకు ఇరవైమూడు గంటల చొప్పున ఒంటరిగా పెట్టారు. కింగ్ 29 ఏళ్ళ ఒంటరి ఖైదు తర్వాత 2001లో బయటికొచ్చాడు. వాలస్ 2013 అక్టోబర్ 1న విడుదలై మూడు రోజులకే క్యాన్సర్‌తో చనిపోయాడు. వుడ్‌ఫాక్స్ 2016 ఫిబ్రవరిలో విడుదలయ్యాడు. నలభై ఏళ్ళకు పైగా ఒంటరి గది! 2019లో తన కథ రాశాడు, 2022లో పోయాడు.

అదే 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే వగైరా యువకులు దళిత్ పాంథర్స్ స్థాపించారు. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో అందరికీ తెలుసు. అంతకు వందేళ్ళ ముందే, 1873లో, ఫూలే తన 'గులాంగిరి'ని బానిసత్వం రద్దుకు పాటుపడ్డ అమెరికన్లకు అంకితమిచ్చాడు. కాబట్టి అంగోలా గురించి మేం మాట్లాడటం పరాయి సంగతి నెత్తికెత్తుకోవడం కాదు. ఇది మన బంధుత్వంలోని మాట.

అంగోలా పాత కథేగా అనేవాళ్ళుంటారు. కాదు. ఖైదీల్లో నలుగురిలో దాదాపు ముగ్గురు నల్లవాళ్ళు. రాష్ట్ర జనాభాలో వాళ్ళు మూడోవంతే. ఎక్కువమంది యావజ్జీవం పడ్డవాళ్ళు. ఒకప్పుడు యావజ్జీవ ఖైదీ మంచి నడవడి ఉంటే పదేళ్ళ ఆరునెలలకు బయటికొచ్చేవాడు. 1970లలో చట్టాలు మార్చి ఆ దారి మూసేశారు. పన్నెండు మంది జూరర్లలో పదిమంది ఒప్పుకుంటే చాలు, శిక్ష వేసేవాళ్ళు. నల్లవాళ్ళు జూరీలో కూర్చున్నా వాళ్ళ మాట చెల్లకుండా చేయాలని 1898 నాటి తెల్లదొరల రాజ్యాంగ సభ వేసిన ఎత్తుగడ నుంచి వచ్చింది ఈ పద్ధతి. అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది ఎప్పుడు? 2020లో. అది కూడా అప్పటికే అప్పీళ్ళు ముగిసిపోయిన పాత శిక్షలకు వర్తించదని 2021లో చెప్పింది.

పొలం పనికి కూలి గంటకు 2 సెంట్ల నుంచి మొదలవుతుంది, కొందరికి అదీ లేదు. గుర్రం మీద తుపాకి పట్టుకున్న గార్డు, కింద వంగి బెండకాయలు కోసే వరస. 2023లో అక్కడి ఖైదీలు, మాజీ ఖైదీల సంస్థ ఒకటి కలిసి ఫెడరల్ కోర్టులో దావా వేశారు. ప్రాణాలు తీసే ఎండలో పని చేయిస్తున్న తీరును మార్చాలని 2024 జూలైలో జడ్జి ఆదేశించాడు. వాళ్ళు అడిగిందేమిటి? నీడ, విశ్రాంతి, ఎండ నుంచి రక్షణ. బానిసత్వం రద్దయిన నూట అరవై ఏళ్ళకు నీడ కోసం కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో, 2018లో మూసేసిన క్యాంప్ జేని మళ్ళీ తెరిచి వలసదారులను అందులో పెట్టడం మొదలెట్టారు. పేరుమోసిన జైలు కాబట్టే దాన్ని ఎంచుకున్నామని పాలకులు దాపరికం లేకుండా చెప్పారు. అంటే అంగోలా పేరే ఇప్పుడొక కొరడా.

ఈ జైలుకు ఇంకో రెండు ముఖాలున్నాయి. ఒకటి వినోదం. 1960ల నుంచి ప్రతి అక్టోబర్ ఆదివారాల్లో రోడియో జరుగుతుంది, టిక్కెట్లు కొని వేలమంది వస్తారు. నలుగురు ఖైదీలు పేకాట బల్ల చుట్టూ కూర్చుంటారు, వాళ్ళ మీదికి ఎద్దును వదులుతారు. ఆఖరున కుర్చీలో మిగిలినవాడు గెలిచినట్టు. రెండోది ధర్మం. 1995 నుంచి 2016 దాకా వార్డెన్‌గా ఉన్న బర్ల్ కెయిన్ కాలంలో జైలులో బైబిలు కళాశాల పెట్టారు, హాస్పైస్ పెట్టారు. ఖైదీలే శవపేటికలు చేస్తారు, ఖైదీలే జైలు శ్మశానంలో సమాధి తవ్వుతారు. ప్రసిద్ధ ప్రచారకుడు బిల్లీ గ్రాహమ్‌ను 2018లో పూడ్చింది ఇక్కడి ఖైదీలు చేసిన పేటికలోనే. చావబోయే తోటి ఖైదీ చేయి పట్టుకునే ఖైదీని మేం తక్కువ చేయం. అది వాళ్ళ మానవత్వం. కానీ దాన్ని చూపించి జైలుకు మానవత్వం అంటగడితే ఒప్పుకోం. మనిషి మారాడు అని ఒప్పుకుంటూనే బయటికి మాత్రం పంపమంటే, ఆ మార్పు ఎవరి కోసం? ఈ జన్మలో ఓర్చుకో, పైజన్మలో ఫలముంది అనే మాట మనం ఎక్కడ వినలేదని?

1998లో వచ్చిన 'ది ఫార్మ్' డాక్యుమెంటరీని మెచ్చుకోనివాళ్ళు లేరు. ఆరుగురు ఖైదీల బతుకుల్ని అది గౌరవంగా చూపించింది, నిజమే. దర్శకుల్లో ఒకడైన విల్బర్ట్ రిడో స్వయంగా అక్కడి ఖైదీ, అక్కడి 'అంగోలైట్' పత్రికకు సంపాదకుడు. అయినా ఆ చిత్రం పశ్చాత్తాపాన్ని వెతికింది గానీ పొలం యాజమాన్యాన్ని వెతకలేదు. పేరేమో 'పొలం', చూపిందేమో ఆత్మ. వ్యవస్థను వ్యక్తి గుండెలోకి కుదించే ఈ ఉదారవాద పద్ధతి మనకూ బాగా తెలుసు. హరిజనుడి కష్టం చూసి కన్నీళ్ళు పెట్టిన కథలన్నీ అదే పని చేశాయి.

ఇప్పుడు మన ఇంటి సంగతి. అమెరికా చట్టం నల్లవాడి పేరెత్తకుండా, 'నేరస్తుడు' అనే మాటతో పని కానిచ్చింది. మన జైలు మాన్యువళ్ళకు ఆ మొహమాటం కూడా లేకపోయింది. పశ్చిమ బెంగాల్ నియమాలు పాకీపనికి ఏ కులాలవాళ్ళను తీసుకోవాలో పేరుపేరునా రాశాయి. ఉత్తరప్రదేశ్ నియమాల ప్రకారం సాధారణ శిక్ష పడ్డవాడితో నీచమైన పని చేయించకూడదు, ఆ పని అలవాటున్న కులంవాడైతే తప్ప! రాజస్థాన్‌లో వంటకు బ్రాహ్మణుడో, తగినంత పైకులం హిందువో కావాలన్న నియమం 2021 దాకా ఉంది. పాత్రికేయురాలు సుకన్య శాంత 2020లో ఈ సంగతులు బయటపెట్టి, తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2024 అక్టోబర్ 3న కోర్టు ఇట్లాంటి నియమాలను కొట్టేసింది. ఇవి అంటరానితనాన్ని నిషేధించిన 17వ అధికరణానికీ, వెట్టిని నిషేధించిన 23వ అధికరణానికీ విరుద్ధమని చెప్పింది. రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది, మూడు నెలల్లో మాన్యువళ్ళు మార్చమంది. 1950లో రాజ్యాంగం వచ్చింది, 2024లో జైలు గేటు లోపలికి అడుగుపెట్టింది. ఈ డెబ్భైనాలుగేళ్ళ లెక్క ఎవరు చెప్తారు?

జాతీ కులమూ ఒకటే అని మేమనడం లేదు. తేడా ఉంది. అంగోలా నల్లవాణ్ణి మొత్తంగా పొలానికి తోలింది. మన జైలు ఖైదీలను కులాల వారీగా విడదీసి, ఒకడికి గరిటె, ఒకడికి చీపురు ఇచ్చింది. శ్రమ విభజన వేరు, శ్రామికులను విభజించడం వేరని అంబేద్కర్ 1936లోనే తేల్చాడు. దానికి తోడు చదువునూ హోదానూ బట్టి ఖైదీలను ఏ, బీ, సీ తరగతులుగా విడదీసిన వలసపాలన పద్ధతి కూడా మిగిలింది. పై తరగతి ఖైదీకి వంటచేసి గది ఊడ్చింది సీ తరగతి ఖైదీ. మన జైలు సాహిత్యంలో ఎక్కువగా వినబడేది ఆ పై తరగతి గొంతే. పాయఖానా కడిగినవాడు అందులో పాత్రగా వస్తాడు, రచయితగా రాడు.

తోటకూ జైలుకూ ఉన్న సంబంధం కూడా మన నేల మీద జరిగిందే. 1871 నేరస్థ జాతుల చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలో అమలు చేసినప్పుడు, ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటులో పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. చీరాల పొగాకు కంపెనీకి అక్కడి నుంచి కూలీలు పోయారు. నేరమని పేరు పెట్టు, ఒకచోట కట్టెయ్, చవగ్గా పని చేయించు, పైన మతబోధ చెయ్. అంగోలాలో చదివిన నాలుగు అక్షరాలూ ఇక్కడా ఉన్నాయి. ఆ చట్టం 1952లో పోయింది. 'అలవాటు నేరస్తుడు' అనే మాట మాత్రం పోలీసు స్టేషను నోట్లో మిగిలింది.

మన ఓపెన్ జైళ్ళ సంగతేమిటని అడగొచ్చు. అనంతపురం ఓపెన్ ఎయిర్ జైలు, చర్లపల్లి వ్యవసాయ క్షేత్రం అంగోలాలు కావు. అక్కడికి పోవడం ఖైదీకి ఒక మెట్టు ఎక్కడం. ఖైదీకి కూలి ఇవ్వకపోవడం వెట్టి కిందికే వస్తుందని 1988లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది, పని చేయించినప్పుడు న్యాయమైన కూలి ఇవ్వాలని 1998లో సుప్రీంకోర్టు చెప్పింది. పొలం పని దానికదే శిక్షా కాదు, మోక్షమూ కాదు. అడగాల్సినవి మూడు: ఎవరు చేస్తున్నారు? ఎంతిస్తున్నారు? ఎప్పుడు ఇంటికి పంపుతారు? ఈ మూడింటికీ జవాబు లేని చోట గోడ ఉన్నా లేకపోయినా అది గడీయే.

2022 ప్రభుత్వ లెక్కల్లో మన ఖైదీల్లో నలుగురిలో ముగ్గురు ఇంకా శిక్షే పడనివాళ్ళు. మొత్తం ఖైదీల్లో ఐదుగురిలో ఒకరు షెడ్యూల్డ్ కులాలవాళ్ళు. కులం గడి తీసేయమన్న తీర్పు తర్వాత ఈ లెక్క ఎవరు చేస్తారు అన్నది మా ముందున్న చిక్కుప్రశ్న. పని పంచడానికి కులం అడగకూడదు. అన్యాయాన్ని లెక్కించడానికి మాత్రం అడగాలి. ఒకే గడి రెండు పనులు చేస్తున్నప్పుడు, గడిని చెరిపేస్తే చీపురు పోదు, చీపురు పట్టినవాడి జాడ పోతుంది. కాబట్టి మన విద్యార్థులు, న్యాయవాదులు, హక్కుల కార్యకర్తలు ప్రతి జైలుకూ వెళ్ళి ఈ ఒక్క ప్రశ్న అడగాలి: ఈ రోజు వంట ఎవరు చేశారు, దొడ్లు ఎవరు కడిగారు? మాన్యువల్ మారిందో లేదో ఆ జవాబే చెప్తుంది.